పాటల పిట్టల కిట్: 1,299 పెట్టి పావురాలను మేపాను (2/5)

రెండు స్టార్లు ఇస్తున్నా. ఆ రెండూ దేనికో తర్వాత చెప్తా, ముందు కొనాలా వద్దా అని చూడ్డానికి వచ్చినవాళ్లకి ఒక్క ముక్క: మీ ఇంటి చుట్టూ పిచ్చుకలు తిరుగుతుంటే ఈ కిట్ పనికొస్తుందేమో గానీ, నాలాగా పొద్దున్నే కిటికీ బయట కూసే పిగిలిపిట్ట (బుల్‌బుల్) కోసం కొంటుంటే మాత్రం ఆ డబ్బుతో అరటిపండ్లు కొనుక్కోండి.

మాది హనుమకొండలో పాత ఇల్లు. వెనకాల చిన్న పెరడు, అందులో జామ, కల్యామాకు, మందార, గోడ వారగా గోరింట పొద. పిట్టలు ఎప్పుడూ ఉన్నాయి, అయితే దగ్గరికి రావు. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో రోజంతా స్క్రీన్ చూసి చూసి విసుగొచ్చి, కిటికీ ముందు పిట్టలు వాలితే బాగుంటుంది కదా అనుకుని శివరాత్రి వెళ్లగానే ఈ కిట్ ఆర్డర్ పెట్టా. పెట్టె మీద ఎర్రగా నిగనిగలాడే పిట్ట బొమ్మ, దాని కింద పాటలు పాడే పిట్టలన్నీ ఇక మీ పెరట్లోనే అని పెద్ద అక్షరాలు. లోపల ఒక ప్లాస్టిక్ గొట్టం (గింజలు పోసి వేలాడదీసేది), అరకిలో గింజల ప్యాకెట్, కొబ్బరి పీచుతో చేసిన బంతి లాంటి గూడు, అరచేయంత ప్లాస్టిక్ నీళ్ల గిన్నె, పిట్టలను గుర్తుపట్టడానికి ఒక బొమ్మల అట్ట.

మా అత్తమ్మ ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత వెట్టినవ్ బిడ్డా?" అంది. నాలుగొందలు అని చెప్పా. అబద్ధమే. ఆమె ఇలాంటివి చదవదు కాబట్టి ఇక్కడ నిజం రాస్తున్నా.

గింజల సంగతి. గొట్టం నింపి జామ కొమ్మకి కట్టా. మూడు రోజులు ఏమీ రాలేదు, నాలుగో రోజు చీమలు వచ్చాయి, ఆరో రోజు పావురం ఒకటి వచ్చింది, వారం తిరిగేసరికి పదకొండు పావురాలు. అవి గొట్టానికున్న చిన్న పుల్లల మీద నిలబడలేవు కదా, అందుకని ఒకటి రెక్కలతో గొట్టాన్ని బాదుతుంది, గింజలు కింద రాలతాయి, మిగతావి కింద కూర్చుని తింటాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, గచ్చు కడగాల్సిన పని మీది కాకపోతే. పైగా పావురాల రెట్ట ఎండి దుమ్ములా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతే కొంతమందికి పెద్ద జబ్బే వస్తుంది, ఇంట్లో ఆయాసం ఉన్న పెద్దవాళ్లు ఉంటే ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. రెండో వారంలో గొట్టం విప్పేశా. అప్పుడే చూశా, ప్యాకెట్‌లో మిగిలిన గింజలకి పురుగు పట్టింది.

గొట్టం కట్టి ఉన్నన్ని రోజులూ పిగిలిపిట్టలు పక్కనే మందార మీద ఉన్నాయి. గొట్టం వైపు తల కూడా తిప్పలేదు.

అత్తమ్మే చెప్పింది. "గిన్ని పైసలు వెట్టి పావురాలకు బువ్వ వెడుతున్నవా? గది గింజలు తినే పిట్ట గాదు, పండ్ల పిట్ట. వానకాలంల కల్యామాకు చెట్టు కాడ నిలవడి సూడు, గప్పుడు తెలుస్తది." నిజమే. పిగిలిపిట్ట తినేది మెత్తటి పండ్లు, పురుగులు, పూరెక్కలు, కాస్త పూల తేనె. ఒక్కోసారి బల్లిపిల్లను కూడా పట్టేస్తుంది. పిచ్చుకకి ఉన్నట్టు గింజ పొట్టు ఒలిచే పొట్టి లావు ముక్కు దీనికి లేదు, సన్నగా కొద్దిగా వంగి ఉంటుంది. ముక్కు చూస్తేనే భోజనం తెలిసిపోతుందన్నమాట, ఈ చిన్న విషయం పెట్టె మీద ఎక్కడా రాయలేదు.

అసలు ఆ పెట్టె మీది ఎర్రపిట్ట ఎవరు? దాన్ని కార్డినల్ అంటారు, అమెరికా పిట్ట. మన దేశంలో ఏ అడవిలోనూ ఉండదు. అది లావు ముక్కుతో పొద్దుతిరుగుడు గింజల్ని టకటకా పగలగొట్టుకుని తింటుంది, అక్కడివాళ్లు పెరట్లో ఇలాంటి గొట్టాలు కట్టేది అలాంటి పిట్టల కోసమే. మా మరిది హ్యూస్టన్‌లో ఉంటాడు, వీడియో కాల్‌లో వాళ్ల పెరడు చూపిస్తే అచ్చం ఇదే గొట్టం, దాని మీద నిజంగానే కార్డినల్! అంటే వస్తువులో తప్పు లేదు, దేశం తప్పింది. ఎవరో అక్కడి సామాను చూసి ఇక్కడ అలాగే పోత పోయించి, పెట్టె మీద బొమ్మ కూడా మార్చకుండా మనకి అమ్ముతున్నారు. తమాషా ఏంటంటే హ్యూస్టన్‌లో మన పిగిలిపిట్టలు కూడా ఉన్నాయి, ఎప్పుడో పంజరాల్లోంచి తప్పించుకుని అక్కడ కాపురం పెట్టేశాయి. మా మరిదికి ఫోటో పంపితే "వదినా, ఇది మా వీధిలో కూడా తిరుగుతుంది, నేను ఇక్కడి పిట్టే అనుకున్నా" అన్నాడు.

బొమ్మల అట్ట గురించి రాయడానికి ఏమీ లేదు. పన్నెండు పిట్టలున్నాయి, మన పెరట్లో వాలేది ఒక్కటీ లేదు. కాబట్టి ఆ అట్ట చేయాల్సిన పని నేనే చేస్తా.

పిగిలిపిట్ట మీకు తెలిసే ఉంటుంది, పేరే తెలిసి ఉండదు. చాలామంది బుల్‌బుల్ అంటారు. మైనా కంటే కాస్త చిన్నది, సన్నం. తల నల్లగా, మీద పొట్టి జుట్టు, కోపం వచ్చినా భయం వేసినా ఆ జుట్టు లేస్తుంది. ఒళ్లు ముదురు గోధుమ రంగు, ఈకల అంచులు లేతగా ఉండటం వల్ల చేప పొలుసుల్లా కనిపిస్తుంది. తోక నల్లగా, చివర తెల్లగా ఉంటుంది. ఎగిరి పోతున్నప్పుడు నడుం దగ్గర ఒక తెల్ల మచ్చ మెరుస్తుంది, నాకైతే దూరం నుంచి గుర్తు పట్టడానికి అదే బాగా పనికొచ్చింది. ఇక అసలు గుర్తు తోక మొదట్లో, కింద వైపు, కుంకుమ పూసినట్టు ఎర్రటి మచ్చ. ఆడా మగా ఒకేలా ఉంటాయి, చూసి చెప్పడం కష్టం, ఊరికే వాదించుకోకండి.

దీనితో పొరబడేవి రెండు. బుగ్గ మీద ఎర్ర చుక్క, తల మీద కొమ్ములాంటి నిటారు తురాయి, తెల్లటి రొమ్ము ఉంటే అది ఇంకో రకం బుల్‌బుల్, అరకు వైపు కొండల్లోకి వెళ్లినప్పుడు బాగా కనిపిస్తుంది. ఇంకొకటి పొదపిగిలి. దాన్ని చూడటం కంటే వినడమే ఎక్కువ, పొద లోపలి నుంచి ఒక్కసారిగా గలగలమని ఏదో సీసా పగిలినట్టు అరిచి ఊరుకుంటుంది, బయటికి వస్తే ఒళ్లు బూడిద పచ్చగా, కంటి మీద తెల్ల కనుబొమ్మ. మా పెరట్లోకి అది ఒక్కసారే వచ్చింది, అది కూడా నేను మీటింగ్‌లో ఉన్నప్పుడు.

గొంతు గురించి నిజం చెప్పాలంటే పిగిలిపిట్ట గొప్ప పాటగత్తె కాదు. ఉర్దూ గజల్స్‌లో గులాబీ కోసం ఏడ్చే బుల్‌బుల్ ఇది కానే కాదు, అది పర్షియా కవుల నైటింగేల్, వేరే జాతి. హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడిని ఇంగ్లీషులో నైటింగేల్ అన్నారు, తెలుగులోకి వచ్చేసరికి కోకిల అయింది, ఉర్దూలో బుల్‌బుల్ అయింది, ఒకే మనిషికి మూడు పిట్టలు! మన పిగిలి మాత్రం చీకటి విడవకముందే "పిత్ పితియో, పిత్ పితియో" అని రెండు మూడు ముక్కలే తిప్పి తిప్పి అంటుంది, కానీ ఆ అనడంలో ఎంత హుషారంటే, టీ పెట్టుకోకముందే మనకీ కొంచెం వస్తుంది. పిల్లో పామో కనపడితే "పీక్ పీక్" అని గొడవ గొడవ చేసి చుట్టుపక్కల పిట్టలన్నిటినీ పోగేస్తుంది. ఆ అరుపు నేర్చుకోండి, మాకు ఒకసారి పెరట్లో పాముందని ముందు చెప్పింది అదే. ఇంకా అనుమానం ఉంటే కార్నెల్ యూనివర్సిటీ పక్షుల ల్యాబ్ వాళ్ల మెర్లిన్ యాప్ వేసుకోండి, ఉచితం, ఫోన్ పట్టుకుని నిలబడితే గొంతు విని పేరు చూపిస్తుంది, మన ప్రాంతం ప్యాక్ ముందే దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

సరే, మరి పిట్ట ఎలా వచ్చింది?

కిట్‌లోని ప్లాస్టిక్ గిన్నెతో కాదు. అది లోతు ఎక్కువ, అంచు నున్నగా ఉండి కాలు జారుతుంది, గాలి వస్తే బోర్లా పడుతుంది, మార్చి ఎండకి పదింటికల్లా నీళ్లు వేడెక్కిపోతాయి. నేను వారం చూసి, రోడ్డు పక్కన కుండలు అమ్మే ఆమె దగ్గర వెడల్పాటి మట్టి మూకుడు తెచ్చా, ఎనభై అంటే డెబ్బైకి ఇచ్చింది. పైన రివ్యూ ఈ మూకుడికి అయితే అయిదుకి అయిదు. మట్టి గరుగ్గా ఉంటుంది కాబట్టి గోళ్లకి పట్టు దొరుకుతుంది, నీళ్లు చల్లగా ఉంటాయి, బరువుకి కదలదు. రెండు అంగుళాల కంటే ఎక్కువ నీళ్లు పోయకండి, మధ్యలో ఒక చదును రాయి వేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే ఇవి తాగడానికే కాదు, స్నానానికి కూడా వస్తాయి. మధ్యాహ్నం మూడింటికి వచ్చి, ముందు అంచు మీద కూర్చుని నాలుగు వైపులా చూసి, తర్వాత దిగి రెక్కలు టపటపలాడించి మూకుడులో సగం నీళ్లు బయటికి చిమ్మి పోతాయి. రోజూ నీళ్లు పారబోసి పీచుతో రుద్ది మళ్లీ నింపాలి, లేదంటే పిట్టలకంటే ముందు దోమలు పెరుగుతాయి.

మూకుడు ఎక్కడ పెట్టామన్నది కూడా చూసుకోవాలి. మొదట నాకు బాగా కనపడాలని గచ్చు మధ్యలో పెట్టా, రాలేదు. గోరింట పొదకి నాలుగడుగుల దూరంలో, గోడ మీదికి మార్చా, రెండో రోజే వచ్చాయి. పొద మరీ ఆనుకుని ఉంటే అందులో పిల్లి దాక్కుంటుంది, మరీ దూరమైతే పిట్టకి ధైర్యం చాలదు.

తిండికి అరటిపండు. తొక్క ఒక వైపు నిలువుగా చీల్చి జామ కొమ్మకి ఉన్న మేకుకి గుచ్చేస్తే సరి, ఒలిచి పెడితే చీమల పాలవుతుంది. బొప్పాయి ముక్క, బాగా మగ్గిన జామ, పండిన దొండకాయ, ఇవన్నీ తింటుంది. కంచె మీద పాకిన దొండ తీగను మేం పీకేద్దామనుకున్నాం, ఎర్రగా పండిన దొండపండ్ల కోసం ఇది చేసే సర్కస్ చూశాక వదిలేశాం. కొద్దిగానే పెట్టండి, చీకటి పడేలోపు మిగిలింది తీసేయండి, లేకపోతే ఎలుకలు. ఉప్పూ నూనే కలిసిన అన్నం, బ్రెడ్డు, బిస్కెట్లు వద్దు.

మిరపకాయల సంగతి చెప్పకపోతే వరంగల్ వాళ్లు ఒప్పుకోరు. కుండీలో వేసిన మిరప పండి ఎర్రబడిందో లేదో పిగిలి వచ్చి కాయకి కాయ మింగేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నోరు మండి నీళ్ల కోసం పరిగెడుతుందని చూశా, అస్సలు చలనం లేదు! మిరపలోని కారం మనలాంటి పాలిచ్చే జంతువులకే మంట, పిట్టల నోటికి తెలియదు, గింజలు నమలకుండా మింగి ఇంకెక్కడో రెట్టలో వేసి వస్తాయి, మిరప మొక్కకి కావలసిందీ అదే. ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి బస్తాలు మోసే ఊళ్లో ఇంత కారం తినే పిట్ట ఉండటం న్యాయమే.

పురుగుమందు కొట్టే పెరట్లోకి మాత్రం పిలవకండి. తన పిల్లలకి ఇది పెట్టేది ఎక్కువగా గొంగళ్లు, మెత్తటి పురుగులు. మందారకి పిండినల్లి పడితే నేను నీళ్లు గట్టిగా కొట్టి కడిగేస్తున్నా, పూర్తిగా పోదు, సర్దుకుపోతున్నాం.

కష్టాలు కూడా ఉన్నాయి. మచ్చిక అయ్యాక స్కూటీ అద్దం మీద వాలి అందులో కనపడే పిట్టతో యుద్ధం మొదలుపెట్టింది, అది తనే అని దానికి తెలియదు, ముక్కుతో పొడవడం, రెట్ట వేయడం. రోజూ ఆఫీసుకి పోయే ముందు మా ఆయన అద్దం తుడుచుకుంటూ నన్ను చూసే చూపు వేరే. పాత సాక్సులు తొడిగాం, పోయింది. టమాటాలు పండితే మనకంటే ముందు దానికే తెలుస్తుంది, మేడ మీద తోట వేసినవాళ్లు వల కట్టుకోండి, అయితే సన్న దారాల వల కాదు, కాళ్లు చిక్కుకుంటాయి.

బయటి దేశాల్లో అయితే దీన్ని పంట పాడుచేసే పిట్ట కిందే లెక్కేస్తారు. ప్రపంచంలో పరాయి నేల మీద పడి చేటు చేసే వంద జీవుల జాబితా ఒకటి ఉంది, అందులో పిట్టలు మూడే, వాటిలో రెండు మన పెరటివి: గోరింక, పిగిలి. ఫిజీకి 1903 ప్రాంతంలో మన కూలీలతో పాటే చేరిందని చెప్తారు, చెరకు తోటలకి పోయినవాళ్లలో తెలుగువాళ్లు కూడా ఉన్నారు కదా, ఏ అమ్మో పంజరం చంకన పెట్టుకుని ఓడ ఎక్కి ఉంటుందని నేను ఊహించుకుంటా. దీని శాస్త్రీయ నామంలో కేఫర్ అని ఉంటుంది, 1766లో లిన్నేయస్ ఇది దక్షిణాఫ్రికా కొసది అనుకుని పెట్టిన పేరు. అక్కడ ఈ పిట్టే లేదు. పెట్టె మీద తప్పు బొమ్మ వేసినవాళ్లని మరీ తిట్టడానికి లేదన్నమాట, అంత పెద్దాయనే పొరబడ్డాడు.

ఇప్పుడు కొబ్బరి పీచు గూడు. పిగిలిపిట్ట బంతి లాంటి మూసిన గూట్లోకి పోదు, పొదలో కొమ్మల చీలిక దగ్గర చిన్న గిన్నె లాంటి గూడు సొంతంగా కట్టుకుంటుంది. కాబట్టి ఈ గూడు మూడు నెలలు ఊరికే ఊగింది. జూన్ మొదట్లో ఒక రోజు చూస్తే పిగిలి దాని మీద వేలాడుతూ పీచు పీకుతోంది! ఒక్కో పోగు లాక్కుని గోరింట పొదలోకి పోవడం, రావడం. సన్నటి వేర్లు, ఎండు పుల్లలు, సాలెగూడు దారాలు, మధ్యలో మా 1,299 రూపాయల పీచు. మూడు గుడ్లు పెట్టింది, లేత గులాబీ మీద ఎర్ర మట్టి రంగు చుక్కలు. నాలుగో రోజు జెముడుకాకి వచ్చి మూడూ తినేసింది. మా పాప రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నేను కూడా ఆ పొద వైపు చూడలేదు.

ఆగస్టులో మళ్లీ కట్టింది, ఈసారి ఇంకా లోపలికి, ముళ్ల మధ్యలో. మేం ఆ వైపు బట్టలు ఆరేయడం మానేశాం, పొద కత్తిరించలేదు, మాటిమాటికీ తొంగి చూడలేదు (మనం చూస్తుంటే కాకి మనల్ని చూస్తుంది). రెండు వారాలు పొదిగింది, ఇంకో రెండు వారాలు తిరక్కుండానే రెండు పిల్లలు బయటికి వచ్చాయి. మొదటి రోజు సరిగా ఎగరలేక గచ్చు మీద కూర్చుంటాయి, దిక్కులేనివి అనుకుని లోపలికి తెచ్చేయకండి, అమ్మానాన్నా పైనే ఉండి మేపుతుంటాయి. పిల్లిని మాత్రం తరమండి. పంజరంలో పెట్టుకుందామనే ఆలోచన ఎవరికైనా ఉంటే, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

ఇక అమ్మినవాళ్ల సర్వీస్ సంగతి: గింజలకి పురుగు పట్టిందని ఫోటోలు పంపితే, ప్యాకెట్ విప్పారు కాబట్టి వాపసు కుదరదన్నారు. విప్పకుండా పురుగుని ఎలా చూడాలని అడిగా. మీ అభిప్రాయం మాకు విలువైనది అని మెసేజ్ వచ్చింది.

ఒక స్టార్ ఆ పీచుకి. రెండోది గొట్టానికి, దాన్ని జనగామ దగ్గర ఊళ్లో ఉండే మా ఆడపడుచుకి ఇచ్చేశా, వాళ్ల వాకిట్లో పిచ్చుకలు గుంపులుగా ఉంటాయి, నూకలు పోసి కట్టింది, అక్కడ రోజూ ఖాళీ అవుతోందట. ప్లాస్టిక్ గిన్నెలో బట్టల క్లిప్పులు పెట్టుకున్నాం. బొమ్మల అట్ట ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తా, వచ్చి తీసుకెళ్లండి. అత్తమ్మకి ధర చెప్పొద్దు.